విజయవాడ, గుంటూరుల నుంచి హై ఫ్యాషన్ డిజైనర్ కావాలంటే: ముందు బట్ట, తర్వాత కటింగ్, ఆ తర్వాతే బొమ్మ

విజయవాడలో లబ్బీపేట నుంచి పటమట దాకా, గుంటూరులో బ్రాడీపేట నుంచి లక్ష్మీపురం దాకా నడిస్తే అడుగడుగునా బొటిక్ బోర్డే కనిపిస్తుంది. లోపల జరిగే పని దాదాపు అన్నిచోట్లా ఒకటే. ఎవరో హీరోయిన్ వేసుకున్న లెహంగా ఫొటో ఫోనులో చూపిస్తే అలాంటిదే కుట్టి ఇస్తారు. అది మంచి వ్యాపారం, చిన్నచూపు చూడాల్సిన పని లేదు. కాని దాన్ని డిజైనర్ వృత్తి అనలేం. బట్టను ఎక్కడ కత్తిరించాలో, ఎందుకు అక్కడే కత్తిరించాలో తానే తేల్చుకుని, ఆ దుస్తుకు తన పేరు పెట్టి, ధర చెప్పి నిలబడగలిగిన మనిషి డిజైనర్. ఇంటర్ చదివే అమ్మాయిలు, అబ్బాయిలు, డిగ్రీ అయ్యాక దారి మార్చుకోవాలనుకునేవాళ్లు, ఇప్పటికే బొటిక్ నడుపుతూ కాపీలతో విసిగిపోయినవాళ్లు ఏ వరసలో ముందుకు వెళ్లాలో ఇక్కడ చెబుతున్నాను.

చాలామంది ఈ వరసను తలకిందులు చేస్తారు. ముందు బొమ్మలు గీయడం నేర్చుకుంటారు, వెంటనే ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరుస్తారు, బట్ట గురించి ఆఖరున ఆలోచిస్తారు. కృష్ణకు అటూ ఇటూ పుట్టినవాళ్లకు అలా చేయాల్సిన అవసరమే లేదు. రెండు ఊళ్లకూ మధ్యలో చేనేతకు పేరున్న మంగళగిరి ఉంది.

మొదటి అడుగు: మీరు వెళ్లాలనుకునేది ఏ గదిలోకో తేల్చుకోండి

హై ఫ్యాషన్ అనే మాటను మనవాళ్లు ఖరీదైన ప్రతి దుస్తుకూ వాడేస్తున్నారు. పారిస్‌లో ఓట్ కుట్యూర్ (ఒక్కో మనిషి కొలతకు కుట్టే అత్యున్నత ఫ్యాషన్) అనే పేరుకు 1945 నుంచి చట్టరక్షణ ఉంది. పారిస్‌లో సొంత కుట్టు కార్యశాల, అందులో పూర్తికాలపు పనివాళ్లు, ఏడాదికి రెండుసార్లు కొత్త కలెక్షన్ వంటి షరతులు నెరవేర్చిన సంస్థలే అక్కడ ఆ పేరు పెట్టుకోవాలి. 2020లో రాహుల్ మిశ్రా అక్కడ జరిగే కుట్యూర్ వీక్‌లో ప్రదర్శన ఇచ్చిన తొలి భారతీయ డిజైనర్ అయ్యారు.

మన దేశంలో ఆ పేరుకు అలాంటి చట్టం లేదు. ఇక్కడ ఆచరణలో మూడు దారులు ఉన్నాయి. పెళ్లికూతుళ్లకు ఒక్కొక్కటిగా కొలతలు తీసుకుని కుట్టే బ్రైడల్ కుట్యూర్ ఒకటి. సైజుల వారీగా తక్కువ సంఖ్యలో తయారుచేసి పెద్ద నగరాల డిజైనర్ స్టోర్లలో అమ్మే లగ్జరీ ప్రెట్ రెండోది. సినిమా దుస్తులు మూడోది. ఈ దారుల మధ్య గోడలు మరీ ఎత్తైనవి కావు. జామ్దానీ నేతతో పేరు తెచ్చుకున్న హైదరాబాద్ డిజైనర్ గౌరంగ్ షా, 'మహానటి' సినిమాకు మరో ఇద్దరితో కలిసి ఉత్తమ వస్త్రాలంకరణకు జాతీయ పురస్కారం అందుకున్నారు. ఆయనను సినిమా దాకా తీసుకెళ్లింది నేత మీద ఉన్న పట్టే. మొదటి అయిదారేళ్లకు మాత్రం ఒక దారినే పట్టుకోండి. మూడింట్లోనూ కాలు పెడితే కుట్టు మాస్టరుకూ మీకూ రోజూ తగువే.

రెండో అడుగు: బట్టను చేత్తో తెలుసుకోండి

విజయవాడ వన్‌టౌన్‌లోని వస్త్రలతలో టోకు దుకాణాలు వరసగా ఉంటాయి. కొనడానికి కాకుండా చూడడానికే వెళ్లండి. ఉదయం బేరాల తొక్కిడిలో మీకు జవాబు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. మధ్యాహ్నం భోజనాల తర్వాత వెళితే ఓపికగా తానులు విప్పి చూపిస్తారు. ప్రతి రకంలోనూ పావు మీటరు కొని, ఒక పుస్తకంలో అతికించి, పక్కన పన్నా ఎంత, బరువు ఎలా ఉంది, నలిపితే ముడత నిలుస్తుందా, జారుతుందా, ఇస్త్రీకి ఏమవుతుందో రాసుకోండి. పట్టు అని చెప్పినదాని నుంచి ఒక పోగు లాగి కాల్చండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిగిపోయే బూడిద మిగిలితే పట్టు. గట్టిగా ఉండకట్టిందంటే పాలియెస్టర్ ఉన్నట్టే. జరీ అంచు మీద వేడి ఇస్త్రీపెట్టె నేరుగా పెట్టకండి. ఇప్పటి జరీలో చాలావరకు ప్లాస్టిక్ పొర ఉంటుంది, వేడికి ముడుచుకుపోతుంది.

ఆ తర్వాత మంగళగిరి వెళ్లండి. అక్కడి నేతకు భౌగోళిక గుర్తింపు ఉంది. గుంట మగ్గం మీద నేసే బిగువైన నూలు బట్ట, సాదా ఒడలు, గోపురాల వరసలా ఉండే నిజాం అంచు దాని గుర్తులు. డిజైనర్ అక్కడ నేర్చుకోవాల్సిన అసలు పాఠం పడుగు లెక్క. పడుగు అంటే మగ్గానికి పొడవునా బిగించే దారాలు. మీకు నచ్చిన రంగులో అయిదు మీటర్లు నేసి పెట్టమంటే ఏ నేతగాడూ ఒప్పుకోడు. ఒకసారి పడుగు ఎక్కించడానికి పట్టే శ్రమ అయిదు మీటర్లకైనా, పది చీరలకైనా ఇంచుమించు ఒకటే. అందుకే పడుగు మొత్తం తీసుకోవాలంటారు. కొత్తవాళ్లు ఇక్కడే బెదిరిపోతారు. తెలిసినవాళ్లు పడుగు ఒకటే ఉంచి పేక (అడ్డంగా నేసే దారం) రంగు మార్పిస్తారు. నీలం పడుగు మీద కొన్ని మీటర్లు ఎర్ర పేక, కొన్ని మీటర్లు పచ్చ పేక, కొన్ని మీటర్లు నలుపు వేయిస్తే ఒక్క పడుగులోనే ఒకదానికొకటి చుట్టరికం ఉన్న మూడు నాలుగు రంగులు చేతికొస్తాయి. కలెక్షన్‌కు కావలసిన ఏకసూత్రత మగ్గం మీదే దొరికినట్టు.

పెడనదీ అలాంటి కథే. మచిలీపట్నం కలంకారీ అచ్చులు అక్కడే వేస్తారు. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టడం, పటిక కలిపిన ద్రావణంతో అచ్చు వేయడం, ఉడకబెట్టడం, పారే నీటిలో ఉతకడం, ఎండబెట్టడం ఒకదాని తర్వాత ఒకటి జరగాలి. వానాకాలంలో ఈ గొలుసు ఎక్కడికక్కడ తెగిపోతుంది. శ్రావణమాసం పెళ్లికి పెడన బట్ట కావాలంటే వేసవిలోనే ఆర్డర్ పెట్టాలి.

ఏ చేనేత నూలునైనా కత్తిరించే ముందు తడపాలి. యాభై సెంటీమీటర్ల చదరం గీసి, ఉతికి, ఆరాక కొలవండి. నలభై ఎనిమిదికి వస్తే నాలుగు శాతం కుంగినట్టు. నలభై రెండు అంగుళాల లెహంగాలో అది అంగుళంన్నర పైమాటే. మొదటి ఉతుకుకే చీలమండలు బయటపడితే ఆ కస్టమర్ మళ్లీ మీ మెట్లు ఎక్కరు.

మూడో అడుగు: ఆది లేకుండా కటింగ్ చేయడం నేర్చుకోండి

మన ఊళ్లలో దర్జీ దగ్గరికి వెళ్తే ముందు అడిగేది ఆది జాకెట్టు. దాన్ని పరిచి, చుట్టూ గీసి, కోసేస్తారు. ఆ ఆదిలో చంక దగ్గర బిగుతు ఉంటే కొత్త జాకెట్టులోనూ అదే బిగుతు. డిజైనర్ కావాలనుకుంటే ఆ అలవాటు వదలాలి. మనిషి మీద నుంచి కొలత తీసి, కాగితం మీద మూల ప్యాటర్న్ గీసి, చవకైన కోరా గుడ్డలో కుట్టి, ఒంటి మీద వేసి సరిచూసి, అప్పుడే అసలు బట్ట మీద కత్తెర పెట్టాలి. పారిస్ కార్యశాలల్లో ఈ కోరా నమూనాను త్వాల్ అంటారు. మొత్తం వృత్తిలో నేను అన్నిటికన్నా ఎక్కువ కాలం పెట్టమని చెప్పేది దీని మీదే.

కోరా నమూనా వేసుకున్న మనిషిని అద్దం ముందు నిలబెట్టి ముడతలను చదవండి. బిగుతుగా సాగిన ముడత ఎటు చూపిస్తుందో బట్ట అక్కడ చాలలేదని అర్థం. వదులుగా వేలాడే మడత ఉంటే అక్కడ బట్ట మిగిలిపోయింది. చంక నుంచి ఛాతీ వైపు ఏటవాలుగా ముడతలు పడితే డార్ట్‌లో (ఒంటి వంపు కోసం లోపలికి మడిచి కుట్టే కుట్టులో) తీసుకున్న బట్ట సరిపోలేదు. వీపు మీద మెడకు కిందుగా అడ్డంగా మడత తేలితే ఆ మనిషి భుజాలు మీ ప్యాటర్న్ కన్నా తిన్నగా ఉన్నాయి, భుజం వాలు తగ్గించాలి. ముడతల మీద మగ్గం వర్క్ వేసి కప్పేయడం మన దగ్గర పెద్ద రోగం. పూసల బరువుకు ఆ లోపం ఇంకా కిందికి లాగుతుంది, ఫొటోలో దాగినా నడిస్తే దాగదు.

నిలువు, అడ్డం, క్రాస్ అనే మూడు దిక్కులను చేతికి అలవాటు చేయండి. 1920లలో పారిస్‌లో మదలీన్ వియొన్నే బట్టను ఏటవాలుగా కోసి, బిగింపులు లేకుండానే ఒంటికి అతుక్కునే గౌన్లు చేసి ఫ్యాషన్ చరిత్రలో నిలిచారు. మన వీధి చివర దర్జీ క్రాస్ కట్ జాకెట్టు కుట్టేటప్పుడు నమ్ముకునేదీ ఆ సాగే గుణాన్నే. ఆయన దగ్గర నెల రోజులు కూర్చుని చూడడం నామోషీ అనుకోకండి.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ఒక లెహంగాకు నడుము 28 అంగుళాలు, పొడవు 40 అంగుళాలు, పూర్తి గుండ్రపు ఘేరు (కింద చుట్టూ విచ్చుకునే బట్ట) కావాలి. నడుము చుట్టుకొలతను 6.28తో భాగిస్తే వ్యాసార్థం దాదాపు 4.5 అంగుళాలు. దానికి పొడవు కలిపితే 44.5. కింది చుట్టుకొలత 280 అంగుళాల దాకా వస్తుంది. 44 అంగుళాల పన్నాలో ఇంత వృత్తం ఒకే ముక్కగా రాదు, కాబట్టి కలీలు (పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే ముక్కలు) చేయాలి. పదహారు కలీలైతే ఒక్కొక్కటి పైన 1.75, కింద 17.5 అంగుళాలు. రెండు వైపులా అర అంగుళం చొప్పున కుట్టు కలిపితే పైన 2.75, కింద 18.5. కలీకి ఒక పక్క నిటారుగా, రెండో పక్క వాలుగా గీసి, ఒకటి తిన్నగా, పక్కది తలకిందులుగా పెడితే రెండూ కలిపి 21.25 అంగుళాల్లో ఇముడుతాయి. అంటే పన్నా అడ్డంలో నాలుగు కలీలు పడతాయి. మడతలతో కలిపి 42 అంగుళాల పొడవు చొప్పున నాలుగు వరసలకు 168 అంగుళాలు, అంటే నాలుగుంపావు మీటర్లకు కాస్త పైన బట్ట చాలు. అంచనాగా పది మీటర్లు తెచ్చి సగం మిగుల్చుకునేవాళ్లకు ఇక్కడే డబ్బు పోతుంది.

అయితే ఈ లెక్క సాదా బట్టకే. మంగళగిరి అంచు బట్టకు పారదు. అంచు తాను పొడవునా నడుస్తుంది. లెహంగా కింద అంచు కనిపించాలంటే బట్టను అడ్డంగా తిప్పాలి, అప్పుడు తాను పొడవు ఘేరు అవుతుంది, పన్నా లెహంగా పొడవు అవుతుంది. కలీలు కోస్తే అంచు ముక్కలైపోతుంది. కాబట్టి కుచ్చులు పెట్టాలి. నాలుగున్నర మీటర్ల బట్టను 28 అంగుళాల నడుములోకి కుచ్చితే నడుము లావుగా కనిపిస్తుంది. దీనికి తుంటి దాకా సాదా బట్టతో యోక్ (కుచ్చులు లేని పై భాగం) వేసి, కుచ్చులను దాని కింద నుంచి మొదలుపెట్టడం ఒక పరిష్కారం. కుచ్చులకు బదులు ఒకే దిక్కుకు మడిచిన ప్లీట్లు కుట్టి, తుంటి వరకు అణచడం ఇంకొకటి. డిజైన్ అంటే ఇలాంటి చిక్కుముడికి మీరు కనుక్కునే మూడో పరిష్కారం. అంచు ఉన్న బట్టతో ఎదగడం వల్ల మనకు ఈ సమస్య చిన్నప్పటి పరికిణీ నుంచే తెలుసు, ముంబయి విద్యార్థికి అది కొత్త.

నాలుగో అడుగు: చదువు

ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకున్నా డిజైన్ కోర్సుకు అడ్డు కాదు. ఎంపీసీ తప్పనిసరి అనుకుని పిల్లలను ఆ కార్పొరేట్ కాలేజీల్లో రెండేళ్లు మగ్గబెట్టే తల్లిదండ్రులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి.

నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) 1986లో ఢిల్లీలో మొదలైంది, హైదరాబాద్ క్యాంపస్ 1995 నుంచి ఉంది. ఫ్యాషన్ డిజైన్‌లో బ్యాచిలర్ కోర్సు నాలుగేళ్లు. ప్రవేశ పరీక్షలో సృజనాత్మకతకు ఒక పేపరు, సాధారణ సామర్థ్యానికి ఒక పేపరు, ఎంపికైనవాళ్లకు చేత్తో వస్తువు తయారుచేసే పరీక్ష ఉంటాయి. 2015లో మన ప్రాంతంలోనే మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్, ఆంధ్రప్రదేశ్‌లో టెక్స్‌టైల్, అపెరల్ డిజైన్ విభాగం ఉంది. బట్ట నుంచి మొదలుపెట్టాలనుకునేవాళ్లకు నేను దీన్నే ముందు చూడమంటాను. నేత లోతుల్లోకి వెళ్లాలనుకుంటే వెంకటగిరిలోని చేనేత సాంకేతిక సంస్థలో డిప్లొమా ఉంది.

డబ్బు, వయసు, సంసారం అడ్డువస్తే ఐటీఐలో ఏడాది సూయింగ్ టెక్నాలజీ కోర్సు చేసి, ఆ తర్వాత మంచి మాస్టరు దగ్గర రెండేళ్లు పనిచేసినవాళ్లు కటింగ్‌లో చాలామంది పట్టభద్రులను మించగలరు. వాళ్లకు కరువయ్యేది చరిత్ర, రంగుల అవగాహన, మాట్లాడే ధైర్యం. వాటిని విడిగా సంపాదించుకోవచ్చు. ఆరు నెలల్లో డిజైనర్‌ను చేస్తామనే ప్రైవేటు శిక్షణ సంస్థలో చేరేముందు ఒకే ఒక్క ప్రశ్న అడగండి: విద్యార్థులు కోరా గుడ్డలో కుట్టిన నమూనాలు చూపిస్తారా? బొమ్మల ఫైళ్లు మాత్రమే చూపిస్తే చెప్పులేసుకుని బయటికి రండి.

అయిదో అడుగు: మరొకరి కప్పు కింద పని

డిగ్రీ చేతికి రాగానే సొంత లేబుల్ పెట్టకండి. హైదరాబాద్, ముంబయి, ఢిల్లీల్లో ఎక్కడైనా డిజైనర్ దగ్గర రెండు మూడేళ్లు ఉండండి. మొదటి జీతం నిరాశపరుస్తుంది, పని గుండీలు కొనుక్కురావడంతో మొదలవుతుంది. అక్కడ నేర్చుకోవాల్సింది స్కెచ్ కుట్టు గది చేరి, ట్రయల్ దాటి, బిల్లుగా మారే దాకా ఎన్ని చేతులు మారుతుందో, ఎక్కడ ఆలస్యమవుతుందో. పోర్ట్‌ఫోలియోలో తుది ఫొటోల పక్కనే ప్యాటర్న్, కోరా నమూనా, తిరగేసిన లోపలి కుట్టు ఫొటోలు కూడా పెట్టండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు దుస్తును ముందుగా తిరగేసే చూస్తారు.

ఆరో అడుగు: తొలి కలెక్షన్

ఎనిమిది పది దుస్తులు చాలు. ఒకే పడుగు బట్ట, ఒకే కటింగ్ ఆలోచన, రెండు మూడు రంగులు. ఇంతకన్నా విస్తరిస్తే చూసేవాళ్లకు మీరెవరో గుర్తుండదు. డిజైనర్ల సంఘమైన ఎఫ్‌డీసీఐ (ఫ్యాషన్ డిజైన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) 1998లో ఏర్పడింది. అది లాక్మే ఫ్యాషన్ వీక్‌తో కలిసి నడిపే వేదికలో కొత్త డిజైనర్ల కోసం జెన్‌నెక్స్ట్ అనే విభాగం ఉంది. దరఖాస్తు చేయండి, కాని దాని మీదే ఆశలన్నీ పెట్టుకోకండి. మోడళ్ల మీద ఒకసారి, మన ఊరి నలభై అయిదేళ్ల మహిళ మీద ఒకసారి అదే దుస్తు ఫొటో తీయించండి. రెండో ఫొటో చూసే ఆర్డర్లు వస్తాయి.

ఏడో అడుగు: ధర

అడగడానికి మొహమాటపడి మునిగేది ఇక్కడే. ఉదాహరణకు ఒక లెహంగా అనుకుందాం. చేనేత బట్ట 3,600, లైనింగ్ 450, మగ్గం పని నలభై గంటలు గంటకు 150 చొప్పున 6,000, కటింగ్, కుట్టు 1,800, కోరా నమూనా, ట్రయల్ 1,000, కాన్వాస్, పైపింగ్, హుక్కులు 350, రవాణా, ప్యాకింగ్ 300. మొత్తం 13,500 రూపాయలు. చాలామంది దీని మీద రెండు వేలు వేసుకుని అమ్మేస్తారు. అద్దె, కరెంటు వాటా 2,000, మీరు ఆలోచించి గీసి నిలబడి ట్రయల్ చేసిన ఇరవై గంటలకు గంటకు 250 చొప్పున 5,000 కలిపితే 20,500. దాని మీద పాతిక శాతం లాభం వేస్తే 25,600 దాటుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయలు మించిన దుస్తుకు జీఎస్‌టీ 18 శాతం కాబట్టి, రిజిస్ట్రేషన్ ఉంటే బిల్లు 30,200 దాకా వెళ్తుంది. అదే ప్యాటర్న్‌తో పది కుడితే మీ ఆలోచన ఖర్చు పదింటికీ పంచుకుపోతుంది. ప్రెట్‌లో లాభం వచ్చేది అలా. స్టోరుకు ఇచ్చినా, ఇంట్లో అమ్మినా ధర ఒకటే ఉండాలి. స్టోరు కమీషన్‌కు చోటు ముందే పెట్టుకోకపోతే ప్రతి అమ్మకానికీ మీ జేబు నుంచే ఇవ్వాల్సి వస్తుంది.

ఎనిమిదో అడుగు: కాగితాలు

చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యం నమోదు ఉచితం. దాన్ని చేయించడానికి ఏజెంటుకు డబ్బివ్వకండి. లేబుల్ పేరును దుస్తుల తరగతి అయిన 25లో ట్రేడ్‌మార్క్ చేయించండి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ రుసుము 4,500 రూపాయలు.

కాపీల గొడవ ఇంతకన్నా పెద్దది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేసిన డిజైన్‌కు పదేళ్లు, పొడిగిస్తే మరో అయిదేళ్లు రక్షణ ఉంటుంది. దరఖాస్తుకు ముందు అది ఎక్కడా బయటపడి ఉండకూడదు. ఉత్సాహం పట్టలేక ముందే ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే కొత్తదనం అక్కడే పోయినట్టు. నమోదు చేయకుండా కాపీరైట్ ఉంది కదా అనుకుంటే అదీ చిక్కే. నమోదుకు అర్హత ఉన్న డిజైన్‌ను పారిశ్రామికంగా యాభైకి మించి తయారుచేస్తే కాపీరైట్ పోతుంది. ప్రతి దుస్తునూ నమోదు చేయడం కుదరదు కాబట్టి, ఏటేటా మళ్లీ మళ్లీ వాడబోయే అచ్చు, ఎంబ్రాయిడరీ నమూనాలకే చేయించండి. సెంటర్‌లో కాపీ కనిపించిన ప్రతిసారీ దుకాణం మీదికి వెళ్తే మీ కొత్త పని ఆగిపోతుంది.

తొమ్మిదో అడుగు: పంచాంగం చూసి డబ్బు దాచుకోండి

ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ముహూర్తాల పేజీ తెరిచి గోడ మీద రాసిపెట్టుకోండి. మాఘ, ఫాల్గుణ, వైశాఖ, జ్యేష్ఠ, శ్రావణ, కార్తీక మాసాల్లో ఊపిరాడదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యంలో ఫోను మోగదు. గురు మౌఢ్యమో శుక్ర మౌఢ్యమో పడిన ఏడాది మంచి మాసమే ఖాళీగా పోతుంది, కుట్టు మాస్టరు జీతం మాత్రం ఆగదు. కనీసం మూడు నెలల జీతాలు, అద్దె విడి ఖాతాలో ఉంచాకే షోరూము పెద్దది చేయండి. పెళ్లి ఆర్డరుకు సగం అడ్వాన్సు, మొదటి ట్రయల్ రోజున పావు, మిగిలింది దుస్తు చేతికిచ్చే ముందు తీసుకోండి. పెళ్లి అయ్యాక ఇస్తామనేవాళ్లు మంచివాళ్లే కావచ్చు, కాని పెళ్లి అయ్యాక వాళ్ల చేతిలోనూ డబ్బు ఉండదు. ఖాళీ మాసాల్లో కొత్త పడుగు ఎక్కించండి. ఆషాఢంలో నేతగాడికీ బేరాలు తక్కువే, మీ విచిత్రమైన పేక రంగులను ఓపికగా నేసిపెట్టేది అప్పుడే.